బోర్డు మీద పద్నాలుగు

బైండింగు షాపు నుంచి,
ఏప్రిల్ 9

గేజి కప్పగారికి,

ఆ పేరు నేను పెట్టింది కాదు, మీ బావ పెట్టింది. కోపం వస్తే ఆయన మీద తెచ్చుకో. రోజంతా ఏట్లో పాతిన స్తంభం పక్కన కూర్చుని, నీళ్ళు ఎన్ని అడుగులున్నాయో చూసి, ఆఫీసుకి ఫోన్లో అరిచేవాణ్ణి కప్ప అనక ఇంకేమనాలి అంటున్నారు. ఉద్యోగం పర్మనెంటు అయిందని మూడు ముక్కలు రాసి రెండు నెలలైంది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. పర్మనెంటు అయినవాళ్ళు అక్కలకి ఉత్తరాలు రాయకూడదని రూలేమైనా వచ్చిందా?

నిచ్చెన మీంచి పడి మీ బావ మంచం పట్టి వచ్చే నెలకి ఏడాది. కాళ్ళలో కదలిక రాలేదు. ఇక రాదని డాక్టరు తేల్చేశాడు. చేతులు మాత్రం మునుపటి చేతులే. వెనక గదిలో మంచం మీద కూర్చుని రిజిస్టర్లు కుట్టి పడేస్తున్నారు. ముందు గదిలో నేను అట్టలు వేస్తున్నాను. మధ్య తలుపు తీసి పెట్టుకుంటాం. పని తక్కువ, వాదన ఎక్కువ.

ఆ వెనక గది గోడ నీకు గుర్తుందిగా. వరద వచ్చిన ప్రతి ఏడూ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ మీ బావ పెన్సిలుతో గీత గీసి, పక్కన ఆ రోజు గేజి అంకె రాస్తారు. మొత్తం పదకొండు గీతలు. కిందటేడు ఆయన్ని చూడ్డానికి నువ్వు పరిగెత్తుకొచ్చినప్పుడు ఆ గోడ ముందు కూర్చునే కదా ముగ్గురం లెక్క వేసుకున్నాం. ఆఫీసువాళ్ళు వీధి మూల నల్లబోర్డు మీద గేజి పద్నాలుగు రాయగానే కాగితం పైగదికి. పదహారు రాయగానే మనిషి పైగదికి. సామిల్లు నుంచి నలుగురు వచ్చి మంచంతో సహా ఎత్తుతారు, మాటిచ్చారు. పద్దెనిమిదికి నీళ్ళు ఇంట్లోకి. పద్నాలుగు నుంచి పద్దెనిమిదికి ఎప్పుడూ రోజు పైనే పడుతుంది కాబట్టి కంగారు లేదు. "ముందు సరుకు, తర్వాత యజమాని" అని మీ బావ పకపకా నవ్వారు.

ఇంతకీ అసలు సంగతి. మా పెరట్లోంచి ఏటికి పోయే మురుగు కాలువకి తూము తలుపు ఉంది కదా. ఏరు పొంగినప్పుడు అది మూసుకుని నీళ్ళు వెనక్కి తన్నకుండా ఆపాలి. తుప్పు పట్టి, తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయి ఆరేళ్ళు. ఏటా అర్జీ పెడుతున్నాను. ఈ ఏడు మీవాళ్ళు జవాబిచ్చారు! వీధంతా పిలిచి చదివాను. నువ్వూ విను: "కొత్త కట్ట పనుల వల్ల వరద మట్టం రెండడుగులు తగ్గినట్టు గేజి అంకెల ద్వారా రుజువైనందున, తమరు కోరిన మరమ్మతు అవసరం లేదని తెలియజేయడమైనది."

నీ అంకెలే నా అర్జీని తన్నేశాయన్నమాట. తమ్ముడు చేసే మేలంటే ఇదే. నీళ్ళు నిజంగా తగ్గితే మంచిదే, కాదనను. కానీ కిందటేడు వానలే లేవు కదరా. వాన లేని ఏడు చూసి రెండడుగులు తగ్గిందని ఎలా తేల్చారు? మీ ఇంజనీరు గారిని ఒక మాట అడుగు. అడిగి జవాబు రాయి.

అక్క

•

గేజి గది నుంచి,
ఏప్రిల్ 27

అక్కకి,

నీ ఉత్తరం అందింది. నేను క్షేమం. ఉత్తరం రాయలేకపోయినందుకు ఏమీ అనుకోవద్దు. పర్మనెంటు అయ్యాక రిజిస్టర్లు పెరిగాయి.

తూము సంగతి ఇంజనీరు గారిని అడిగాను. అది వేరే విభాగం చూసుకుంటుంది అన్నారు.

ఏరు బాగా ఎండింది. ఇంత ఎండడం ఈ పదేళ్ళలో నేను చూడలేదు. స్తంభం మొదలు దాకా నడిచి వెళ్ళొచ్చు. మొన్న వెళ్ళాను.

ఎండలు ఎక్కువగా ఉన్నాయి. గదిలో రేకుల వేడికి మధ్యాహ్నం కూర్చోలేకపోతున్నాను.

ఒక మాట చెప్పాలి. పదహారు దాకా ఆగడం ఎందుకు? జూన్ రాగానే బావని పైగదికి మార్చెయ్యండి. నాలుగు నెలలు అక్కడే ఉంటారు. సామిల్లు వాళ్ళు తీరిగ్గా ఎత్తిపెడతారు. బోర్డు చూసుకుంటూ కూర్చునే పని ఉండదు. బావకి నా మాటగా చెప్పు.

తమ్ముడు

•

బైండింగు షాపు నుంచి,
మే 16

తమ్ముడూ,

నీ మాట మీ బావకి చెప్పాను. ఆయన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "పైన రేకుల గదిలో నాలుగు నెలలు నన్ను వేయించుతానంటాడా? ఆ కప్పకి నీళ్ళ పక్కన చల్లగా ఉంది కాబట్టి తెలియడం లేదు."

నవ్వుకి అన్నా నిజమే అన్నారు. ఆ గదిలో కిటికీ ఒకటే. మొన్న జిగురు డబ్బా పెడితే సాయంత్రానికి అట్ట కట్టేసింది. అదీ కాక కింద ఉంటే నలుగురు వస్తారు, పలకరిస్తారు, చేతిలో పని ఉంటుంది. పైకి పంపిస్తే ఆయన మనిషిగా మిగలరు. పదహారు అనుకున్నాం, పదహారే.

నువ్వు రాసిన ఉత్తరం మాత్రం నాకు నచ్చలేదు. నాలుగుసార్లు చదివాను. స్తంభం మొదలు దాకా వెళ్ళాను అని రాసి, మరుక్షణం ఎండల మీద పడ్డావు. చిన్నప్పుడు నాన్న సిరా బుడ్డి పగలగొట్టి, "పిల్లి దూకింది" అని చెప్పి, అడక్కుండానే ఆ పిల్లి రంగు, తోక పొడవు కూడా చెప్పినవాడివి. అప్పుడు ఎక్కువ మాట్లాడి దొరికిపోయావు. ఇప్పుడు తక్కువ మాట్లాడి దొరుకుతున్నావు. అక్కడ ఏం చూశావు?

ఉద్యోగంలో ఇబ్బందేమైనా ఉంటే చెప్పు. ఆ సారు తిట్టాడా? నేనేమీ కంగారు పడను. చెప్పకపోతేనే పడతాను.

అక్క

•

గేజి గది నుంచి,
జూన్ 14

అక్కకి,

నా గురించి కంగారు పడవద్దు. ఇక్కడ అంతా సవ్యంగానే ఉంది.

మొన్న పైఆఫీసు నుంచి ఆరుగురు వచ్చారు. కట్ట చూశారు, స్తంభం చూశారు. ఇంజనీరు గారు కిందటేటి అంకెలు పెద్ద అట్ట మీద గీయించి నిలబెట్టారు. "రెండడుగులు తగ్గించాం" అని చెబుతుంటే వాళ్ళు తలలూపారు. స్తంభం పక్కన నన్ను కూడా నిలబెట్టి ఫొటో తీశారు. "ఈ అంకెలన్నీ ఇతని చేతివే" అని నా భుజం మీద చెయ్యి వేశారు. ఫొటో అవగానే నేను గదిలోకి వెళ్ళిపోయాను.

పిల్లి సంగతి నువ్వింకా మర్చిపోలేదన్నమాట.

బావని పైకి మార్చమన్న మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు. గదికి ఇంకో కిటికీ పెట్టించు, నేను పంపిస్తాను ఆ ఖర్చు. వానలు మొదలవక ముందే పెట్టించు. కారణం అడగవద్దు. పెద్దదానివి, ఎప్పుడూ నీ మాటే నేను విన్నాను. ఈ ఒక్కసారి నా మాట విను.

నువ్వు చదివాక ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు.

తమ్ముడు

•

బైండింగు షాపు నుంచి,
జూలై 8

తమ్ముడూ,

కిటికీ పెట్టించడానికి మేస్త్రీ వచ్చి చూశాడు. గోడ కదిలిస్తే రేకులు దిగిపోతాయన్నాడు. అది అక్కడితో ఆగింది.

ఇప్పుడు నేను అడిగేదానికి సూటిగా జవాబివ్వు.

మా పెరటి వెనక మురుగు కాలువలోకి ఎనిమిది మెట్లున్నాయి. ఏరు పొంగితే నీళ్ళు ఆ మెట్లెక్కుతూ వస్తాయి. పై నుంచి నాలుగో మెట్టు తడిసిందంటే గేజి పదమూడు ఉండాలి. ఈ ఇంటికి కాపురానికొచ్చిన రోజు నుంచి అదే చూస్తున్నాను, ఒక్క ఏడు తప్పలేదు. నిన్న పొద్దున ఈ ఏటి మొదటి నీళ్ళు వచ్చాయి. నాలుగో మెట్టు తడిసింది. బట్టలు అలాగే వదిలేసి మూల మీదికి పరిగెత్తాను. బోర్డు మీద పదకొండు.

సామిల్లు యజమాని అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. "ఏమ్మా, మీ తమ్ముడు కునికిపాట్లు పడుతూ చూస్తున్నాడా అంకె?" అన్నాడు నలుగురి ముందు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మా తమ్ముడు రెండు కళ్ళూ తెరిచి చూసి రాసే అంకె అది. నీ రంపం కింద చెక్క కాదు, వంకరగా పోవడానికి" అని నోరు మూయించాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. మళ్ళీ వెళ్ళి మెట్టు చూశాను. తడి అక్కడే ఉంది.

మా మెట్లు కుంగాయా, నీ అంకె కుంగిందా?

అక్క

•

గేజి గది నుంచి,
జూలై 13

అక్కకి,

మీ ఇల్లు పాతది. ఏటి గట్టున నేల మెత్తన. పాత ఇళ్ళు, మెట్లు ఏళ్ళు గడిచేకొద్దీ కుంగుతాయి. అది మామూలే. కిందటి పెద్ద వరదకి పునాది కింద మట్టి కొట్టుకుపోయి ఉంటుంది.

పగలు ప్రతి మూడు గంటలకీ నేనే స్వయంగా చూసి అంకె చెబుతున్నాను. స్తంభం మీద ఎంత ఉందో అంతే చెబుతున్నాను.

బావని పైకి మార్చారా?

తమ్ముడు

•

బైండింగు షాపు నుంచి,
జూలై 25

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాక మనసు కుదుటపడింది. అదేదో ముందే రాసి ఉంటే పది రోజులు అన్నం సహించకుండా ఉండేదాన్ని కాదు కదా. మేస్త్రీని పిలిచి అడిగాను. కుంగి ఉండొచ్చు అన్నాడు. వాడు దేనికైనా ఉండొచ్చు అనే అంటాడనుకో. కానీ నువ్వు చెప్పాక ఇంక వాడి మాటతో నాకు పనేముంది!

వీధిలో అందరికీ చెప్పాను. సామిల్లు అతనికి, ఎదురింటి టైలరుకి, మంగలి షాపతనికి. మెట్లు కుంగాయి, నీళ్ళు పెరగలేదు, బోర్డు చూసుకోండి చాలు అని. నీ ఉత్తరంలో ఆ నాలుగు ముక్కలు చదివి వినిపించాను కూడా. టైలరు కిందటేడే కొత్త మిషన్లు కొన్నాడు, వాటిని ముందే పైకి ఎక్కించాలా అని తచ్చాడుతున్నాడు. పద్నాలుగు దాకా కదలొద్దన్నాను.

ఈ ఉత్తరంతో పాటు మీ బావ కూడా వేరే కాగితం మీద ఏదో రాశారు. మడతపెట్టి అతికించి ఇచ్చారు, నేను చూడకూడదట. మొగుడూ తమ్ముడూ కలిసి నా మీద చాడీలు చెప్పుకోండి, నాకేం.

అక్క

కప్పా,

మీ అక్క చదవదు. జిగురు గట్టిదే వేశాను.

నలభై ఏళ్ళుగా పుస్తకాల అంచులు కత్తిరిస్తున్నాను. ఒక పుస్తకం అంచు కురచగా వస్తే కాగితం తప్పనుకుంటాం. పది పుస్తకాలు అంతే కురచగా వస్తే కాగితాన్ని వదిలేసి కత్తి బిగింపు చూసుకుంటాం. మొన్న నాలుగో మెట్టుకి పదకొండు. నిన్న మళ్ళీ కొంచెం నీళ్ళొచ్చి ఐదో మెట్టు తడిసింది, బోర్డు మీద పది. అది పన్నెండు ఉండాలి. ప్రతి మెట్టుకీ సరిగ్గా రెండు. ఇల్లు కుంగితే ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కుంగుతుంది. తలుపులు పట్టేస్తాయి, గోడలు బీటలిస్తాయి. మా ఇంట్లో ఒక్క తలుపు కూడా పట్టలేదు.

నిన్ను పట్టుకోవాలని రాయడం లేదయ్యా. నీకేదో బరువు మీద పడిందని తెలుస్తోంది. ఏదైనా ఉంటే నాకు రాయి. నా పేరు మీద రాస్తే మీ అక్క విప్పదు. మీ అక్క నిన్ను నమ్మి వీధికి వీధినే నమ్మించింది. అందుకని తొందరగా రాయి.

పైకి వెళ్ళమంటే వెళ్తాను. వేడి సంగతి వేళాకోళానికి అన్నాను. కారణం చెప్పు చాలు.

బావ

•

గేజి గది నుంచి,
ఆగస్టు 5

బావకి, అక్కకి, ఇద్దరికీ,

బావ రాసింది అందిన రోజు నుంచి ఇది నాలుగో కాగితం. మూడు చించేశాను. ఇది చించను.

మెట్లు కుంగలేదు. అది అబద్ధం. నేనే రాశాను.

రెండేళ్ళ కింద పెద్ద వరదకి పాత స్తంభం కొట్టుకుపోయింది. కిందటేడు మే నెలలో కొత్తది పాతారు. పాత రాతి మీద సున్నా చెక్కి ఉంటుంది, కొత్త స్తంభం సున్నా దాని మీద కూర్చోవాలి. ఆ రోజు నీళ్ళు బురదగా ఉన్నాయి, కింద ఏమీ కనపడదు. నేను నీళ్ళలోకి దిగి, చేత్తో తడిమి చూసి, "సరిచూశాను" అని సంతకం పెట్టాలి. అది నా పని. కానీ ఆ పొద్దునే అక్క పంపిన మనిషి వచ్చి బావ నిచ్చెన మీంచి పడ్డారని చెప్పాడు. బస్సుకి పావుగంట ఉంది. బట్టలు తడుపుకుంటే బస్సు పోతుంది. కంట్రాక్టరు "చూశాం సార్, కూర్చుంది" అన్నాడు. గట్టు మీదే నిలబడి సంతకం పెట్టి, బస్సు ఎక్కి, మీ దగ్గరికి వచ్చాను. ఆ వారమే మీ గోడ ముందు కూర్చుని పద్నాలుగు, పదహారు, పద్దెనిమిది అని ముగ్గురం లెక్క వేసుకున్నాం.

ఈ ఏప్రిల్లో ఏరు ఎండాక నడిచి వెళ్ళి చూశాను. స్తంభం పాత రాతి మీద లేదు. దాని పక్కన కంట్రాక్టరు కొత్తగా కట్టిన సిమెంటు మెట్టు మీద ఉంది. సున్నా గుర్తు దానికి రెండడుగులు కింద, ఎండలో తెల్లగా కనపడుతోంది. అంటే స్తంభం ఎప్పుడూ రెండు తక్కువ చూపిస్తుంది. కట్ట వల్ల నీళ్ళు తగ్గలేదు. అక్కా, నీ తూము అర్జీని తన్నేసింది నా సంతకం.

ఇంజనీరు గారికి ఆ రోజే చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరికి వేశారు. తర్వాత, "ఇప్పుడు సరిచేస్తే కట్ట పని దండగని మనమే రాసిచ్చినట్టు. సీజను అయ్యాక చూద్దాం. నీ సంతకం కూడా ఉందిగా, ఆలోచించుకో" అన్నారు. ఆలోచించుకున్నాను. మూడు నెలలకి పైగా అదే చేస్తున్నాను. ఉద్యోగం పోతుందని భయం. నిజం అంతకన్నా ఏమీ లేదు.

ఇవాళ పొద్దున స్తంభం పదకొండు చూపిస్తే ఫోన్లో పదమూడు అని చెప్పాను. గంటలో ఆయన జీపులో వచ్చారు. స్తంభం చూశారు. రిజిస్టరు తీయించి, నా చేతే పదమూడు కొట్టేయించి పదకొండు రాయించారు. "ఉన్నది చెప్పడమే నీ పని, కలపడం కాదు" అన్నారు.

ఎగువన నాలుగు రోజులుగా వాన ఆగలేదు. ఏటి రంగు మారింది. చెట్లు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయి. ఈ నీళ్ళు ఎప్పటిలా రోజు మీద పెరిగేవి కావు.

బోర్డు మీద ఏ అంకె ఉన్నా రెండు కలుపుకోండి. పద్నాలుగు అంటే పదహారు. బావని ఈ ఉత్తరం అందిన గంటలోనే పైకి ఎక్కించండి. వీధిలో అందరికీ చెప్పు అక్కా, నా పేరు పెట్టే చెప్పు. నేనే వద్దామంటే స్తంభం వదిలి కదలడానికి లేదు. కనీసం ఆ తప్పుడు అంకైనా చెప్పేవాడు ఉండాలి. రోడ్డు ఇంకా తెగలేదు. జీపు డ్రైవరు చేతికి ఇస్తున్నాను, పోస్టు చేస్తానన్నాడు.

తమ్ముడు

•

బైండింగు షాపు పైగది నుంచి,
ఆగస్టు 24

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న అందింది. కవరు మీద ముద్ర ఏడో తేదీది. రోడ్డు తెగి సంచి ఎక్కడో ఆగిపోయిందట.

ఎనిమిదో తేదీ జరిగింది నీకు ఎవరో చెప్పే ఉంటారు. అయినా నా చేత్తో రాస్తాను. నువ్వు చదవాలి.

పొద్దున ఏడింటికి బోర్డు మీద పద్నాలుగు పడింది. మన లెక్క ప్రకారం కాగితం. కట్టలన్నీ ఒక్కదాన్నే పైగదికి మోశాను. మీ బావ కింద నుంచి, "ఆ ఎర్ర అట్టలు తడవనివ్వకు, కాపీలు లేవు" అని కేకలేస్తూనే ఉన్నారు. ఎనిమిదిన్నరకి కుట్టడం అయిపోయిన రిజిస్టర్లు బండిలో వేసుకుని మిట్ట మీది బడికి ఇచ్చి రావడానికి బయల్దేరాను. వెళ్ళే ముందు ఆయన మంచం మీద టీ గ్లాసు, పెన్సిలు, రేడియో పెట్టాను. నా వంక చూసి, "కప్ప దగ్గర్నుంచి నాకేమైనా ఉత్తరం వచ్చిందా?" అన్నారు. లేదన్నాను. "ఇవాళ్టి టపా వచ్చాక వెళ్ళరాదూ" అన్నారు. "పదహారుకి ఇంకా సాయంత్రం దాకా టైముంది, ఈలోపు వచ్చేస్తాను" అని వెళ్ళిపోయాను. ఆ మాట ఆయన ఎందుకన్నారో నీ ఉత్తరం వచ్చాక గాని నాకు అర్థం కాలేదు.

బడి నుంచి తిరిగి వస్తుంటే, పదిన్నర అయి ఉంటుంది, పల్లపు రోడ్డు దగ్గర నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. బండి వదిలేసి దిగాను. ఎవరో వెనక్కి లాగేశారు. మళ్ళీ దిగాను, మళ్ళీ లాగేశారు.

సామిల్లు వాళ్ళు మాట తప్పలేదు. ఆ నలుగుర్నీ ఎవరూ ఏమీ అనకూడదు. పదింటికి బోర్డు మీద పదహారు పడింది, ఆ కబురు సామిల్లుకి అందగానే రంపం ఆపి బయల్దేరారు. వాళ్ళు మా వీధికి చేరేసరికే ఇంటి ముందు నిలబడలేనంత వడి. అంతకు ముందు ఆయన కేకలు వేసే ఉంటారు. రంపం మోతలో ఎవరికి వినపడుతుంది? తూములోంచి తన్నిన నీళ్ళు వీధి కన్నా ముందు వెనక గదికే వచ్చాయి. పడవ దొరికి వాళ్ళు లోపలికి వెళ్ళేసరికి రెండయింది. మంచం తేలి, ఒరిగి, తలుపుకి అడ్డం పడి ఉంది.

మీ బావ పోయారు. రాస్తే తప్ప నాకు నమ్మకం కలగడం లేదు. అందుకే ఈ ముక్క రెండుసార్లు రాస్తున్నాను. మీ బావ పోయారు.

ముందు కాగితం మోశాను రా. ఆ కాగితమంతా ఇక్కడే, నా చుట్టూ పొడిగా ఉంది.

నీళ్ళు దిగాక గోడ చూశాను. పాత గీతలు కొన్ని చెరిగిపోయాయి. మంచం ఉన్న పక్క కొత్త గీతలున్నాయి. ఆయన చేతివే. నేల నుంచి వేలెడు ఎత్తులో, మంచం మీంచి వంగి గీసినట్టుంది, మొదటిది. పక్కన "పది గంటలు. పద్దెనిమిది" అని ఉంది. బోర్డు మీద పదహారు పడిన గంటలోనే. ఆయనకి తెలిసిపోయింది. దాని పైన "పదిన్నర". దాని పైన "పదకొండు". "పదకొండుంపావు" దగ్గర అక్షరాలు వంకర పోలేదు, పుస్తకం వీపు మీద పేరు రాసినట్టే ఉన్నాయి. మనిషి కేకలు వేసి వేసి, ఇక ఎవరూ రారని తెలిశాక, కూర్చుని నీ పని చేశారు. ఆ పైన ఇంకో గీత ఉంది. దాని పక్కన టైము లేదు, అంకె లేదు.

టైలరు మిషన్లన్నీ పోయాయి. అతను నన్నేమీ అనలేదు. నేను ఎదురుపడితే పక్కకి తిరిగి పోతున్నాడు. అంటే బాగుండును. మెట్లు కుంగాయని నీ ఉత్తరం చేత్తో పట్టుకుని వాళ్ళ గుమ్మాల్లో నిలబడి చదివింది నేనే కదా. నువ్వు నాకు ఒక్కదానికి అబద్ధం చెప్పావు. నేను దాన్ని వీధంతా పంచాను.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. బస్సు సంగతి మళ్ళీ చదివాక, రాసిన తిట్లు కొట్టేశాను. ఆ రోజు నువ్వు చెమటలు కక్కుతూ వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చావు. ఆ ఏడుపు అబద్ధం కాదని నాకు తెలుసు. సంతకం తొందరలో పెట్టావు, దాన్ని క్షమించడం నా చేతనవుతుందేమో. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఊరుకున్నావే, దాన్ని ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

గురువారం విచారణ అధికారి ఈ వీధికి వస్తున్నారు. నీళ్ళు ఊహించనంత వేగంగా రావడం వల్ల జరిగిందని కాగితం ముందే రాసుకుని వస్తున్నారని బడి హెడ్మాస్టరు చెప్పారు. మీ ఇంజనీరు కూడా వస్తాడట. నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి కుట్టాను. అట్ట వేశాను. ఆయన అతికించిన కాగితం నువ్వు దాచి ఉంటే అది కూడా పట్టుకురా, దానికి చోటు వదిలాను. నేను ఇవ్వగలను ఆ పుస్తకం అధికారి చేతికి. కానీ నేనిస్తే అది ఆడమనిషి ఏడుపు అవుతుంది, అర్జీల మీద అర్జీలు పెట్టే పిచ్చిది అంటారు. సంతకం పెట్టినవాడు నోరు విప్పితే అది వేరు.

ఇది రాస్తుంటే మళ్ళీ మబ్బు పట్టింది. తూము తలుపు ఇంకా తెరిచే ఉంది. బోర్డు మీద పొద్దున తొమ్మిది, ఇప్పుడు పది. కింద గుమ్మం ముందు జనం నిలబడి ఉన్నారు. బోర్డు చూసి తిన్నగా నా దగ్గరికి వస్తున్నారు. "అసలెంతమ్మా?" అంటున్నారు. పన్నెండు అని చెబుతున్నాను. స్తంభం ఆ వరదలో ఇంకేమైనా కదిలిందో లేదో, రెండు కలిపితే సరిపోతుందో లేదో నాకు తెలియదు. అయినా చెబుతున్నాను. ఇంకెవరు చెబుతారు?

గురువారం లోపు రా. స్తంభం దగ్గర ఇంకెవర్నైనా కూర్చోబెట్టి రా. ఉద్యోగం పోతే పోనీ, ఇక్కడ కుట్టడానికి మనిషి లేడు.

ఆ చివరి గీత పక్కన నేనేమీ రాయలేదు, ఎవర్నీ రాయనివ్వలేదు. ఆయన పెన్సిలు మంచం కోడు పక్కన బురదలో దొరికింది. కడిగి, చెక్కి, కిటికీలో పెట్టాను. అధికారి చూస్తుండగా ఎంత అంకె వెయ్యాలో నువ్వు వెయ్యి.

అక్క